ఊరికే పోతాండా

శనివారం పొద్దున రత్నమణి వేసుకున్న పథకంలో వంకర ఏమీ లేదు. ప్రొద్దుటూరులో సైకిలెక్కాలి. జమ్మలమడుగు మీదుగా పెన్న దాటి, ముద్దనూరు, తొండూరు పొలాల దారులు పట్టుకొని, పొద్దుగూకేలోపు పులివెందులలో తమ్ముడు రూబెన్ ఇంటి ముందు దిగాలి. ఆదివారం వాళ్లతో చర్చికి పోవాలి. సోమవారం తిరిగి రావాలి. బస్సుకు పోతే మధ్యాహ్నం అన్నానికే చేరొచ్చు కదా అనేవాళ్లకు ఆమె దగ్గర ఒకటే జవాబు. బస్సు కిటికీలోంచి శనగచేను వాసన రాదు.

సైకిల్ కూతురు జీవిత హైస్కూలుకు తొక్కినది. ఆ పిల్ల నర్సింగు చదవడానికి కడపకు పోయాక అది మెట్ల కింద బియ్యం మూటకు ఆసరాగా బతికింది. రత్నమణి దాన్ని బయటికి లాగి, మెకానిక్ అలీ అహ్మద్ చేత కొత్త టైర్లు వేయించి, తన టైలరింగ్ షాపు మూసిన సాయంత్రాలు తొక్కడం మొదలుపెట్టింది. నలభై ఎనిమిదేళ్ల ఆడది సైకిల్ తొక్కితే వీధికి ఏం నష్టమో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు గానీ, వీధి మొత్తం నష్టపోయినట్టే చూసింది. అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు ఆమె భర్త దాసయ్య.

"నలుగురూ ఏమనుకుంటారో ఆలోచన చేసినావా?" అన్నాడు, దుప్పటి ముసుగు తీయకుండానే.

"వాళ్లనుకునేది వాళ్లకే ఇడిసిపెట్నా. నాకు తొక్కేదానికే టైము సాలదు."

"సరే, పో. దారిలో యాడన్నా బస్సో ఆటోనో ఎక్కినావంటే మాత్రం ఈ సైకిల్ అలీ అహ్మద్ అంగట్లో అమ్మేసేదే."

"ఎక్కకుండా పోతే?"

"పోలేవులే."

"పోతే నా సైకిల్ మాట మళ్ల నీ నోట రాగూడదు. దేవుని ముందర చెప్పు."

దాసయ్య ముసుగులోంచే ఆమెన్ అన్నాడు.

జమ్మలమడుగు దాకా దారి ఆమె చెప్పినట్టే విన్నది. మంచు తెరలు విడిపోతుంటే నాపరాళ్ల దొడ్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఊరి బయట వనజమ్మ హోటల్ ముందు సైకిల్ ఆపి రెండు దోసెలు చెప్పింది. అక్కడే మొదలైంది అసలు కథ.

"యాడికి పోతాండావక్కా, సైకిలేసుకొని?" వనజమ్మ పెనం మీద నీళ్లు చల్లుతూ అడిగింది.

"పులివెందులకు. తమ్మునింటికి."

"మీ ఆయన రాల్యా?"

"ఇంట్లో పండుకోనుండాడు."

"ఏమన్నా పెండ్లా, కార్యమా?"

"ఏమీ లే. ఊరికే పోతాండా."

వనజమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. భర్త లేకుండా, బ్యాగుతో, ఏ కార్యమూ లేకుండా ఒక ఆడమనిషి పుట్టింటివాళ్ల దగ్గరికి పోతోందంటే ఆ సీమలో దానికి ఒకటే అర్థం. అలిగి పోతోంది. అట్లాంటి మనిషి కనబడితే నాలుగు మాటలు చెప్పి సర్దుబాటు చేయడం చూసినవాళ్ల బాధ్యత. అడక్కుండానే మూడో దోసె వేసి, రత్నమణి చేయి కడుక్కునేలోపు ఆమె బ్యాగు మీద అచ్చేసిన టైలరింగ్ షాపు ఫోన్ నంబరు వనజమ్మ రాసుకుంది. తర్వాత ముద్దనూరు అవతల పల్లెలో ఉన్న తన అక్క గురమ్మకు ఫోన్ చేసింది.

"పాపం, ఉత్త సైకిల్ మీద వస్తాందిక్కా. నవ్వుతాంది గానీ, కండ్లల్లో నీళ్లుండాయి."

కళ్లల్లో ఉన్నది పొయ్యి పొగ.

రత్నమణికి ఇవేవీ తెలియవు. పెన్న వంతెన మీద గాలికి చీర కొంగు ఎగిరితే నడుముకు చుట్టుకొని, ఎవరూ లేని చోట కీర్తన గట్టిగా ఎత్తుకుంది. నల్లరేగడి చేలల్లో శనగ మోకాలి కింది దాకా పెరిగి, ఎండ తగిలేకొద్దీ పుల్లటి వాసన వదులుతోంది. ఆమె జీవితంలో మొదటిసారి ఆమెకు ఎవరూ ఏ పనీ చెప్పని పూట అది.

ముద్దనూరు దాటాక దారికి అడ్డంగా గురమ్మ నిలబడి ఉంది. వెనక ఆ పల్లె ఆడవాళ్లంతా ఉన్నారు. ఒకామె చేతిలో సంగటి ముద్ద, ఇంకొకామె చేతిలో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, పక్కనే ఒక ట్రాక్టర్.

"దిగు తల్లీ. బువ్వ తిను. మనం మనం ఆడోళ్లం, నాతో చెప్పుకోవచ్చు."

"ఏం చెప్పల్ల?"

"ఏమైంది?"

"ఏమీ కాల్యా. తమ్మునింటికి ఊరికే పోతాండా."

గురమ్మ వెనక్కి తిరిగి ఆడవాళ్లతో అన్నది: "సూస్తిరా? బయటపెట్టదు. మర్యాదస్తురాలు."

సంగటి తిన్నాక ట్రాక్టర్ మనిషి సైకిల్ ఎత్తబోయాడు. రత్నమణి హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుంది.

"చెయ్యి తీయప్పా. ఇది బండెక్కదు. నేనూ ఎక్కను."

"మేం దిగబెడతామంటే వద్దంటావేంది? ఇంత మంకు పనికిరాదమ్మా."

"మంకేలే, పక్కకు జరుగు."

అంత మొండితనం ఉందంటే ఇంట్లో ఎంత జరిగి ఉండాలి! సైకిల్ కనుమరుగయ్యేలోపు గురమ్మ తొండూరులో తన వియ్యంకుడు ఆదినారాయణకు ఫోన్ చేసింది, వనజమ్మ ఇచ్చిన నంబరు కూడా చెప్పింది. జమ్మలమడుగులో కన్నీళ్లు పెట్టుకున్న రత్నమణిని, కబురు తొండూరు చేరేసరికి, భర్త కట్టుబట్టలతో వెళ్లగొట్టాడు.

ఆదినారాయణ చుట్టుపక్కల ఊళ్లలో మాట చెల్లే రైతు. వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాడు. షాపు మూసిన రోజు ఆ ఫోన్ దాసయ్య దగ్గరే ఉంటుంది. "మీ ఆడమనిషి ఇట్ల వస్తాంది. నువ్వు రాకపోతే బాగుండదు" అన్నాడు, అంతే. ఆ మాటకు ఆ జిల్లాలో ఎన్ని అర్థాలున్నాయో దాసయ్యకు తెలుసు. లుంగీ మీదనే చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడిగి, తమ వీధిలో ఆటో నడిపే ప్రవీణ్ ఆటోలో దగ్గర దారిన ఎగిరొచ్చాడు.

రత్నమణి తొండూరు చేరేసరికి రోడ్డు పక్కన షామియానా కింద కుర్చీలు, మధ్యలో తలొంచుకొని తన మొగుడు. ట్రాక్టర్‌లో గురమ్మ ఆమె కంటే ముందే వచ్చేసింది.

"ఏమప్పా, ఆయమ్మను ఏమన్నావు?" ఆదినారాయణ అడిగాడు.

"ఏమీ అన్లేదు మామా."

"ఏమీ అనకుండానే ఇంత దూరం తొక్కుతాదా?"

"నేను కొట్లేదు!"

 కొట్టడం గురించి అప్పటిదాకా అక్కడ ఎవరూ అడగలేదు.

"ఆటో ఎక్కమనండి మామా, సాలు. ఇంటికి తీసకపోతా," అన్నాడు దాసయ్య.

"సూస్తిరా!" గురమ్మ లేచింది. "ఎత్తకపొయ్యేదానికి ఆటో గూడ తెచ్చుకున్యాడు!"

రత్నమణి సైకిల్ స్టాండు వేసి మధ్యలోకి వచ్చింది. ఆకలి లేదు, అలుపు లేదు. ఒళ్లంతా మంట మాత్రం ఉంది.

"ఎవరన్నా నా మాట ఇంటారా? ఈయప్ప కొట్లేదు, తిట్లేదు, పొద్దున ముసుగు గూడ తీల్యా. మగోడు బండేసుకొని గండికోటకు పోతే టూర్ అంటారు. ఆడది సైకిలెక్కి తమ్మునింటికి పోతే షామియానా ఏస్తారు! కష్టమొస్తేనే మేము రోడ్డెక్కాల్నా? ఏడుస్తానే పోవాల్నా? చేన్లు సూసుకుంటా, నా కాళ్లతో నేను తొక్కుకుంటా, ఊరికే పోతాండా. ఊరికే!"

 గురమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎంత కడుపులో పెట్టుకొని మాట్లాడతాందో సూడండి. ఇప్పటికీ మొగుని మీద ఒక్క మాట పడనియ్యల్యా."

ఆదినారాయణ తీర్పు చెప్పాడు. "ఆయమ్మ బండెక్కదు, సైకిల్ ఇడవదు. కాబట్టి దాసయ్యా, నువ్వే ఆయమ్మ ఎంబడి సైకిల్ మీద పోయి, మీ బామ్మర్దికి మర్యాదగా అప్పజెప్పు."

"నా మోకాళ్లు తొక్కలేవు మామా."

"నిన్ను తొక్కమని ఎవరన్నారు? ఎనక కూర్చో."

ప్రవీణ్‌ను ఖాళీ ఆటోతో తిప్పి పంపించేశారు. దాసయ్య లుంగీ సర్దుకొని క్యారియర్ మీద ఒక పక్కకు కూర్చున్నాడు. గురమ్మ ఆయన ఒళ్లో పచ్చి శనగ కట్ట పెట్టింది, రత్నమణి కోసం.

"నేను నీకు ఫోన్ చేయమన్లేదు," అన్నది రత్నమణి, ఊరు దాటాక.

"నాకు తెలుసు."

"ఎత్తొచ్చింది. దిగు."

ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి వెనక నుంచి తోశాడు, పల్లం వచ్చినప్పుడల్లా ఎక్కి కూర్చున్నాడు. చీనీ తోటల్లో కూలీలు బత్తాయి కాయలు కోయడం ఆపి చూస్తుంటే మూతి ముడుచుకొని నేలను చూశాడు. చాలాసేపటికి మెల్లగా అడిగాడు: "పుల్లగా ఏందో వాసనొస్తాందే?"

"శనగచేను."

దాసయ్య ఆమెకని ఇచ్చిన కట్టలోంచి కాయలు ఒలిచి, ఒకటి తాను తింటూ, ఒకటి వెనక నుంచి ఆమె చేతికిస్తూ కూర్చున్నాడు.

పొద్దు ఇంకా ఉండగానే పులివెందులలో రూబెన్ ఇల్లు వచ్చింది. రూబెన్, భార్య హెలెన్, చుట్టుపక్కలవాళ్లు అప్పటికే గేటు దగ్గర ఉన్నారు. తొండూరు నుంచి దారి పొడుగునా పల్లెలవాళ్లు చూసిన దృశ్యం ఒకటే. పెండ్లాం తొక్కుతోంది, మొగుడు వెనక మూతి ముడుచుకొని కూర్చున్నాడు. దాని కబురు సైకిల్ కంటే ముందు చేరింది.

"ఏం బావా, ఇంత పని చేస్తివి!" రూబెన్ దాసయ్య భుజం పట్టుకొని దించాడు. "అక్క మీద అలిగి ఆటో ఎక్కి పోతాంటే, తొండూరు కాడ పట్టుకొని తెచ్చిందంట గదా?"

"నేను అలగల్యా!"

"అలిగినోళ్లు అట్లనే అంటారులే అన్నా," హెలెన్ నీళ్ల చెంబు అందించింది. "ఏమన్నా ఉంటే మాతో చెప్పుకోవల్ల గానీ, ఇట్ల ఇల్లిడిసి రోడ్డున పడతారా?"

దాసయ్య భార్య వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. రత్నమణి సైకిల్‌ను గోడకు ఆనించి, సీటును కొంగుతో తుడిచింది.

"పోనియ్ తమ్ముడూ. ఊరికే వచ్చినాడు."

ఎవరూ నమ్మలేదు.

సోమవారం పొద్దున దాసయ్య బస్సు మాట ఎత్తలేదు. క్యారియర్ మీదికి ఒక దిండు మాత్రం అడిగాడు.