ఆర్విడ్ హౌగెన్ మొదటి బిల్లు

ఆ ఉదయం ఆర్విడ్ హౌగెన్ పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. పదింటికి శాసనసభకు వెళ్లడం, తన బిల్లు నెగ్గించుకోవడం, సాయంత్రం ఇంటికొచ్చి ఇక రాజకీయాలకు దణ్ణం పెట్టడం. ముప్ఫై నాలుగేళ్లుగా ఎన్నికల్లో గెలుస్తూ వచ్చిన ఆయన పేరు మీద ఒక్క చట్టం కూడా లేదు. నలభై బిల్లులకు రెండో సంతకం పెట్టారు. మొదటి సంతకం పెట్టినవాళ్లలో ఒకడు గవర్నర్ కూడా అయ్యాడు.

"ఈసారైనా నీ పేరుంటుందా? లేక మళ్లీ ఎవడి వెనకో నిలబడి ఫొటో దిగుతావా?" అంది భార్య మార్లిస్, టై సర్దుతూ.

"సంతకం నా ఒక్కడిదే. రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి. వచ్చి చూడు."

ఒప్పుకున్న మాట నిజమే. స్టావ్లి ఊరి దగ్గర ఏటి వంతెన మూతపడి, బడి బస్సు పంతొమ్మిది మైళ్లు చుట్టూ తిరుగుతోంది. కొత్త వంతెన వద్దనే మనిషి సభలో లేడు. చిక్కల్లా డ్వేన్ ప్రూయిట్‌తో వచ్చింది. అతను ఆర్విడ్ పక్క సీటు, పాతికేళ్ల స్నేహితుడు, బొత్తిగా కుదురు లేనివాడు.

ఆ సభలో కొత్త సభ్యుడి మొదటి బిల్లుకు చిన్న ర్యాగింగ్ ఉంటుంది. అందరూ ముందు వ్యతిరేకంగా మీట నొక్కుతారు. గోడ మీది బోర్డంతా ఎర్ర దీపాలతో నిండి, పాపం ఆ సభ్యుడి ముఖం పాలిపోయాక, నవ్వుకుంటూ పచ్చకు మార్చేస్తారు. ఆర్విడ్ కూడా ఎంతోమందిని అలా ఏడిపించినవారే. అయితే డెబ్బై ఆరేళ్ల తాను కొత్తవాడి లెక్కలోకి వస్తానని ఆయనకు తట్టలేదు. డ్వేన్‌కు తట్టింది. "మనవాడికిదే మొదటి బిల్లు!" అని పొద్దున్నే అందరి చెవులూ కొరికాడు.

ఓటింగ్ మొదలైంది. తొంభై ఎనిమిది ఎర్ర దీపాలు, ఒకే ఒక్క పచ్చ దీపం. ఆర్విడ్ లేచి నిలబడ్డారు.

"ఇన్నేళ్లు మీ బిల్లులన్నీ మోశాను. నాకు ఒక్క వంతెన ఇవ్వలేకపోయారా?" అని ఆయన సభనంతా నిలదీశారు. పుస్తకంలోంచి ఓ కాగితం చింపి, రెండు మాటల్లో రాజీనామా రాసి, సభ గుమాస్తా చేతిలో పెట్టి బయటికి నడిచారు. ఆయనా నాటకమాడుతున్నారనుకుని సభ పగలబడి నవ్వింది. ఆ గోల ఆపడానికి స్పీకర్ సుత్తి కొట్టారు. సుత్తి దెబ్బ పడితే ఓటింగ్ ముగిసినట్టే. మీటలు ఇక పనిచేయలేదు, బిల్లు ఓడిపోయింది.

"అయ్యో, మళ్లీ ఓటింగ్ పెట్టండి!" అని డ్వేన్ అరిచాడు.

"బిల్లు తెచ్చిన సభ్యుడు అడిగితే పెట్టొచ్చు. ఆయనేడీ?" అంది గుమాస్తా. రాజీనామా మీద ముద్ర కొట్టి, టైము వేసి, ఆవిడ అప్పటికే గవర్నర్ కార్యాలయానికి పంపేసింది. తన ఉద్యోగంలో ఏ కాగితాన్నీ ఆలస్యం చేసిన మనిషి కాదు.

డ్వేన్ మెట్లు దిగి పరుగెత్తి, కారు దగ్గర స్నేహితుణ్ణి పట్టుకున్నాడు.

"సరదాకి చేశాంరా! కావాలంటే చెప్పుతో కొట్టు."

"ఈ వయసులో నాతోనా సరదా?"

"తర్వాత తిట్టు. నీ రాజీనామా ఇక వెనక్కి రాదు, సాయంత్రానికి ఈ ఏడాది సమావేశాలు ముగుస్తాయి. ఇక ఒక్కటే దారి. బిల్లు నా పేరు మీద పెట్టాలి."

ఆర్విడ్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఒక్క పేరు కోసమే ఆయన ఈ చివరి రెండేళ్లూ మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కారు. గ్యాలరీలోంచి ఆయన వెనకే దిగివచ్చిన మార్లిస్ ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కాదంటే, వచ్చే చలికాలం కూడా ఆ పిల్లలు చీకట్లోనే బస్సెక్కుతారు ఆర్విడ్."

"సరే, పెట్టుకో పో," అన్నారాయన.

నాలుగింటికి డ్వేన్ ప్రూయిట్ వంతెన బిల్లు నెగ్గింది. ఒక్క ఎర్ర దీపం లేదు. కింద ఫొటోలు తీస్తున్నారు. పైన సందర్శకుల గ్యాలరీలో ఆర్విడ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వారమే ఉద్యోగంలో చేరిన కాపలాదారు వచ్చి భుజం తట్టాడు.

"పెద్దాయనా, ఇక్కడ చప్పట్లు కొట్టకూడదు. శాసనసభకు రావడం ఇదే మొదటిసారా?"

"ఈ వైపుకు మొదటిసారే," అని ఆర్విడ్ కూర్చున్నారు.