అతుకులు లేని నేల

"మా ప్రభుత్వంలో అతుకులు లేవు. ఇకమీదట మా ఆఫీసు నేలలో కూడా ఉండవు," అని మంత్రిగారు ప్రకటించారు. టైల్స్ అయితే అతుకుల్లో మట్టి చేరుతుందట. పాలిష్ కాంక్రీటైతే గది మొత్తం ఒకటే పలక, అద్దంలా మెరుస్తుంది, పారదర్శక పాలన అంటే అదేనట. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. జేబులో మా ఆవిడ బదిలీ దరఖాస్తు ఉంది కాబట్టి కాస్త గట్టిగానే కొట్టాను.

మా ఆవిడ టీచరు. ఆవిడ పనిచేసే బడికి ఇక్కణ్ణుంచి తొమ్మిది గంటల ప్రయాణం, అందుకని అక్కడే ఉంటుంది. మూడేళ్ళుగా పాపకు జడ నేనే వేస్తున్నాను. ఎన్ని తంటాలు పడ్డా అది కుడిపక్కకే పోతుంది. ఆ పిల్ల అలాగే బడికి వెళ్తుంటే నాకు ఏడుపొస్తుంది. మంత్రిగారు ఆ కాగితం ఒక్కసారి చూస్తే చాలు.

నేల వేసిన మేస్త్రి మాత్రం మొండి మనిషి. "ఆరడానికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుందండి. ఆ తర్వాతే పైన మెరుపు కోసం సీలర్ పూత పుయ్యాలి," అన్నాడు.

"మా మంత్రివర్గమే అన్ని రోజులుంటుందని గ్యారంటీ లేదు. గురువారం ప్రారంభోత్సవం," అన్నారు కార్యదర్శిగారు. బుధవారం సాయంత్రంలోగా ఆరిపోవలసిందిగా కాంక్రీటుకు మెమో జారీ చేసి, ఒక కాపీ దానికి కనబడేలా గోడకు అంటించారు. కార్యదక్షత అంటే అది.

"మీ ఇష్టం, పూస్తాను. యాసిడ్ మాత్రం పొయ్యకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. చెప్పుల కింద ఇసుక ఉంటే గీతలు పడతాయి," అని మేస్త్రి చేతులు దులుపుకున్నాడు.

ఇసుక ఎవరి చెప్పులకుంటుంది? ప్రజల చెప్పులకే. గుమ్మం దగ్గర బోర్డు వెలిసింది: "ప్రజలకు స్వాగతం. లోపలికి రాకూడదు."

గురువారం మంత్రిగారు రిబ్బను కత్తిరించి, కొత్త బూట్లతో లోపలికి నడిచారు. నేలలో తన మొహం చూసుకుని మురిసిపోయారు. నాలుగో అడుగు పడలేదు.

"ఏంటయ్యా ఇది, కాలు రావట్లేదు?"

"మెమో ఇచ్చాం సార్," అన్నారు కార్యదర్శిగారు.

చెక్క పరిచి, మంత్రిగారిని బూట్లలోంచి పైకి లాగారు. ఆయన మేజోళ్ళతోనే కారెక్కి, అటునుంచటే టూరుకు వెళ్ళిపోయారు. బూట్లు పీకితే నేల పెచ్చులూడి పరువు పోతుందని, కార్యదర్శిగారు వాటిని అక్కడే ఉంచి చుట్టూ తాడు కట్టించారు.

మర్నాడు అటెండరును అడిగాను, "మంత్రిగారు ఉన్నారా?"

లోపలికి తొంగి చూశాడు. "బూట్లున్నాయండి."

పొడుగాటి కర్రకు క్లిప్పు కట్టి, నా దరఖాస్తును కాసేపు బూట్ల ముందు పట్టుకున్నాడు. "మంత్రిగారి సమక్షంలో ఉంచడమైనది. అభ్యంతరం తెలుపలేదు," అని గుమాస్తా రాసుకున్నాడు. మూడేళ్ళు కదలని ఫైలు మూడు రోజుల్లో కదిలింది. మా ఆవిడ వచ్చేసింది. పాప జడ తిన్నగా ఉంది. నా సంతోషం ఇంతా అంతా కాదు.

కృతజ్ఞతలు రాసుకుని ఆఫీసుకు వెళ్ళేసరికి, బూట్లకు కాగితాలు చూపించుకునేవాళ్ళతో వీధి చివరిదాకా క్యూ. నా వెనక రబ్బరు చెప్పులతో ఒకాయన వచ్చి నిలబడ్డారు. చూస్తే మంత్రిగారే.

"నా బూట్ల కోసమయ్యా," అన్నారు మెల్లగా.

మా వంతు వచ్చేసరికి గుమ్మం దగ్గర అటెండరు మర్యాదగా లేచి నిలబడ్డాడు. "రూలు అందరికీ ఒకటేనండి. రాసి తెచ్చారా?"

మంత్రిగారు నా పెన్ను అడిగి తీసుకుని రాసిచ్చారు. అటెండరు ఆ కాగితాన్ని కర్రకు తగిలించి, బూట్ల ముందు కాసేపు పట్టుకుని, వెనక్కి తీశాడు.

"వారం తర్వాత కనబడండి," అన్నాడు.