రెండు నిమిషాల టర్బో

ఫిన్నీకి ముప్పై ఒకటి నిండాయి. రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈ మూడోదైనా కుదరాలని అతని తండ్రి దేవసహాయం మేడ్చల్‌లో పొద్దున్నే ప్రార్థన చేసుకుని, పదింటికల్లా శామీర్‌పేటలో పిల్ల ఇంట్లో ఉండాలని కొడుకును ఎక్కించుకుని కొత్త బండి తీశాడు. కంగారులో అప్పటికే రెండు చొక్కాలు మార్చాడు.

బామ్మర్ది ఎడ్వర్డ్ ఆ బండి ఎక్కనన్నాడు. "లీటర్ ఇంజనా బావా? మా ఇంట్ల పాలే లీటరున్నర పోయించుకుంటం. నాది రెండు లీటర్లు. నా యెనక రా."

"చిన్నదైతేంది, గాలి ఊదనీకె దీనికి టర్బో ఉన్నది. నువ్వే నా యెనక రా."

పంతం కొద్దీ దేవసహాయం దారంతా తొక్కిపట్టాడు. తీరా ఊళ్లోకి వచ్చాక గొర్రెల మంద అడ్డొచ్చి, దాని వెనకే పది నిమిషాలు పాకాల్సి వచ్చింది. ఎడ్వర్డ్ పక్క సందులోంచి తిరిగి ముందే చేరాడు. పిల్ల తండ్రి మొగులయ్య పెద్ద బండి చూసి, పిల్లవాడి తండ్రి ఇతనేననుకుని, కాళ్లకు నీళ్లిచ్చి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాడు.

తరువాత వచ్చిన దేవసహాయం బండి దిగలేదు. జోరుగా నడిపాక రెండు నిమిషాలు ఇంజన్ ఆపకూడదని, ఆపితే టర్బో పాడవుతుందని షోరూమ్ మెకానిక్ చెప్పిన మాట అతనికి బైబిల్ వాక్యంతో సమానం. అద్దాలెత్తుకుని గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"నేను మేనమామను. బావ గా బండ్ల ఉన్నడు," అని ఎడ్వర్డ్ చెప్పేసరికి మొగులయ్య తల్లి పెంటమ్మ అవ్వ హడావుడి పడింది.

"మర్యాద ఇంకొకలకు చేస్తిమి కొడకా. ఆయన అలిగిండు. జల్దీ పో," అంటూ కొడుకు చేతిలో ఇంకో చెంబు పెట్టింది.

మొగులయ్య పరుగెత్తి, చెంబు కింద పెట్టి, చేతులు జోడించి బతిమాలాడు. అద్దంలోంచి ఒక్క మాటా వినపడలేదు. సంబంధం వద్దని దండం పెడుతున్నాడనుకుని దేవసహాయం హడలిపోయాడు. ఆ కంగారులో కాలు యాక్సిలరేటర్ మీద పడి ఇంజన్ గయ్యిమంది. కోపంతో వెళ్లిపోతున్నాడనుకుని మొగులయ్య తమ్ముళ్లిద్దరూ బండికి అడ్డంగా నిలబడ్డారు.

"దిగు నాయినా, నీకు దండం పెడత," అన్నాడు పక్క సీటులోంచి ఫిన్నీ.

"ఇంజన్ గరమయింది బిడ్డా. మళ్ల మొదటి నుంచి రెండు నిమిషాలు," అన్నాడు దేవసహాయం చెమట తుడుచుకుంటూ.

చివరికి పెళ్లికూతురు క్రిస్టీనాయే వచ్చి అద్దం తట్టింది. సుచిత్ర చౌరస్తా దగ్గర బండ్ల సర్వీసు సెంటర్‌లో ఉద్యోగం ఆమెది. ఫిన్నీ అద్దం దించి, సిగ్గుపడుతూనే గొర్రెల మందతో సహా జరిగిందంతా చెప్పాడు.

"గొర్ల యెనక పది నిమిషాలు మెల్లగ వచ్చిండ్రు గద మామయ్యా. గప్పుడే సల్లబడ్డది. బంద్ చేయుండ్రి," అంది ఆమె.

దేవసహాయం బంద్ చేశాడు. పెద్ద కుర్చీ అతనికి వచ్చింది, ఎడ్వర్డ్ స్టూలు మీదికి జరిగాడు. చాయ్ చల్లారకముందే సంబంధం కుదిరింది.

మరుసటి ఆదివారం పెళ్లి తారీఖు ఖాయం చేసుకోవడానికి అందరూ మళ్లీ వచ్చారు. ఎడ్వర్డ్ ఇంజన్ ఆపకుండా, అద్దాలెత్తుకుని తన బండిలోనే కూర్చున్నాడు. పావుగంటైనా ఎవరూ చెంబు తేలేదు. దేవసహాయమే వెళ్లి అద్దం తట్టాడు.

"దిగు ఎడ్వర్డ్. నీ దాంట్ల టర్బో లేదని క్రిస్టీనా అందరికి చెప్పింది."