అంచు కోయొద్దు

ఆ బుధవారం పొద్దున అంజనప్ప పెట్టుకున్న పని ఒక్కటే. హిందూపురంలో ప్రెస్సు నడిపే బసవరాజుకు ఫోన్ చేసి చీరల పుస్తకం అచ్చు సంగతి తేల్చెయ్యాలి. ధర్మవరంలో ముప్పై ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్న మనిషి అంజనప్ప. ఆదివారం హిందూపురంలో చేనేత ప్రదర్శన ఉంది, బెంగళూరు నుంచి కొనేవాళ్లు వస్తారట. మధ్యవర్తి లేకుండా తన చీరలు తానే చూపించుకునే అవకాశం రావడం ఇదే మొదలు. పదహారు చీరలతో చిన్న పుస్తకం వేయించి పంచుదామన్నది భార్య మల్లిక ఆలోచన. ఫోటోలు కూడా ఆమే తీసి పంపింది.

తెలియని మాట ఎదురైతే అంజనప్ప అడగడు. అడిగితే చులకనైపోతామని అతని భయం. మల్లిక దీనికి పూర్తిగా తలకిందులు. గ్యాస్ సిలిండర్ తెచ్చినతన్ని కూడా లోపల గ్యాస్ ఎట్లా నింపుతారో చెప్పేదాకా వదిలిపెట్టదు.

“పేపరు ఎన్ని జీఎస్ఎం వేయల్లప్పా?” అన్నాడు బసవరాజు.

“ఎన్నుండాయి?”

“నూట ముప్పై, నూట డెబ్బై... గ్రాముల లెక్క కదా.”

గ్రాములనగానే అంజనప్పకు ధైర్యం వచ్చింది. “మా చీర ఏడు వందల గ్రాములు తూగుతాది. దాని పుస్తకం నూట డెబ్బయ్యా? అన్నిటికన్నా బరువైంది వేయి.”

“నాలుగు వందలది ఉండాది. అట్ట మాదిరి ఉంటాది మరి.”

“అదే వేయి.”

“సరే. బ్లీడ్ పెట్టినారా? అంచు చుట్టూ మూడు మిల్లీమీటర్లు కోసేస్తాము.”

అంజనప్ప దిగ్గున లేచి నిలబడ్డాడు. “అంచు కోస్తావా? మూడు వారాలు కూర్చోని నేసిన అంచప్పా అది! కత్తి పెట్టినావంటే బాగుండదు.”

“అయితే కట్టింగ్ వద్దా?”

“వద్దంటే వద్దు.”

“మడత కాడ క్రీజింగ్ గీత వేయల్లా?”

“ఒకే కాడ మడత పెడితే పట్టు చిరిగిపోతాది. మడతే వద్దు.”

బసవరాజు అవన్నీ రాసుకున్నాడు. “మీ ఇష్టం. ప్రూఫ్ ఓకే అంటేనే మిషన్ ఎక్కిస్తా.”

అంజనప్ప వెంటనే తన ఆధార్ కార్డు ఫోటో తీసి పంపి, కింద ఓకే అని పెట్టాడు.

“ప్రూఫ్ అంటే ఆధారేనా?” అంది పక్కనే కూర్చుని స్పీకర్లో అంతా విన్న మల్లిక.

“ఇంకేముంటాది? సిమ్ కార్డుకే అడుగుతారు.”

“బ్లీడ్ అంటే?”

“అది ప్రెస్సోళ్ల మాట. మనకెందుకు, ఊరికే ఉండు మే.”

శనివారం ఇద్దరూ రైలెక్కారు. పెనుకొండ దాటేదాకా మల్లిక అవే ప్రశ్నలు అడుగుతూనే ఉంది. అంజనప్ప కిటికీలోంచి కొండను చూస్తూనే ఉన్నాడు.

ప్రెస్సులో పుస్తకాలు లేవు. కోయకుండా, మడవకుండా వదిలేసిన అట్టలు, ఒక్కోటి తలుపు రెక్కలో సగం, దొంతరగా ఉన్నాయి. ఒక్కో అట్ట మీద నాలుగు చీరలు. మూలల్లో సన్నని గీతలు, అంచు వెంబడి రంగురంగుల చిన్న గళ్లు. చివరి అట్ట నిండా అంజనప్ప ఆధార్ కార్డు.

“ఇదేందప్పా?”

“లాస్ట్ పేజీ అనుకున్నా. చిన్నగా ఉండాదని పెద్దది చేసినా,” అన్నాడు బసవరాజు.

అంజనప్ప స్టూలు మీద కూలబడ్డాడు. మల్లిక మాత్రం అట్ట మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది. అట్లా అడిగేవాళ్లు దొరక్క బసవరాజు మొహం వాచి ఉన్నాడు. కోసినప్పుడు అంచున తెల్లగీత పడకుండా, రంగును కాస్త బయటికి పొడిగించడమే బ్లీడ్ అట. గీతలు కత్తికి గుర్తులు. నీలం, గులాబి, పసుపు, నలుపు గళ్లు సిరా సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి. ప్రూఫ్ అంటే అచ్చుకు ముందు తప్పులు చూసుకునే నమూనా.

“ముందే అడిగింటే చెప్తాంటి గదప్పా,” అన్నాడు బసవరాజు, అంజనప్ప వైపు తిరిగి. “ఇప్పుడు కోద్దామన్నా మనిషి లేడు. గోరంట్లకు పెండ్లికి పోయినాడు, సోమవారం గానీ రాడు.”

ఆదివారం వేరే దారి లేక ఆ అట్టలనే స్టాలు చుట్టూ క్లిప్పులతో వేలాడదీశారు. ఆధార్ అట్టను మల్లిక బోర్లించి బల్ల మీద పరిచింది. పక్క స్టాళ్లలో పంచిన పుస్తకాలతో జనం విసురుకుంటున్నారు. వీళ్ల చీరలు మాత్రం గేటు దగ్గరి నుంచే కనిపిస్తున్నాయి. బెంగళూరులో చీరల దుకాణం నడిపే ఒకావిడ నేరుగా వచ్చి అట్ట అంచు మీద వేలు పెట్టింది.

“ఈ నాలుగు రంగుల గళ్ల అంచు ఏ చీరదండీ? ఇట్లాంటిది నేనెక్కడా చూడలేదు.”

“అది చీరది కాదమ్మా, ప్రెస్సోళ్లు సిరా...” అని మల్లిక మొదలుపెట్టింది.

అంజనప్ప అడ్డొచ్చాడు. “ఎన్ని కావల్లమ్మా?”

“ముందు ఇరవై నేసివ్వండి.”

ఇప్పుడు ఆ అంచు ధర్మవరంలో ఆరు మగ్గాల మీద నడుస్తోంది. ఎవరైనా అడిగితే, అది తన తాత కాలం నాటి డిజైనని అంజనప్ప చెబుతున్నాడు.