డెబ్బై కిలోల నైట్రోజన్

నేను అబద్ధాలకోరునని మీరు అనుకోకూడదు. ఆడతాను, కాదనను. కానీ ఆడినదాన్ని నిలబెట్టుకోవడం రాదు. అబద్ధాలకోరు అనిపించుకోవాలంటే కొంత పనితనం ఉండాలి. నాకు ఉన్నదల్లా ఉత్సాహమే.

సంగతి నా మోటార్‌సైకిలు దగ్గర మొదలైంది. కొని ఐదేళ్ళయినా నిన్న షోరూములోంచి తెచ్చినట్టుంటుంది. రోజూ పొద్దున్నే అరగంట తుడుస్తాను. మా ఆవిడ వరండాలో నిలబడి అది చూసి, "మన ఫ్యాన్లకి కూడా చక్రాలుంటే ఎంత బాగుండేదో" అంటుంది.

ఈ బండికి లోకంలో ఒక్కడే శత్రువు. మా బావమరిది. మా ఆవిడకి సొంత తమ్ముడు. ఆదివారం వచ్చిందంటే గుమ్మంలో నిలబడి, "బావగారూ, ఓ గంట బండిస్తారా?" అంటాడు. అతని గంట చీకటి పడితే గానీ కొట్టదు. తిరిగొచ్చేసరికి అద్దాలు ఆకాశం చూస్తుంటాయి, ట్యాంకు ఎండిపోయి రిజర్వులో ఉంటుంది. అందుకని నేను మనసులో అతనికి రిజర్వు అని పేరు పెట్టుకున్నాను. ఒకసారి నోరు జారి పైకే "రా రిజర్వూ, కూర్చో" అన్నాను. అతను రైలు టిక్కెట్ల గురించనుకుని, "ఎక్కడికి బావగారూ ప్రయాణం?" అన్నాడు.

ఇవ్వనని చెప్పలేను. భార్య తమ్ముడికి బండి లేదని చెప్పినవాడికి ఆ వారమంతా కూరలో ఉప్పుండదు.

ఇలా ఉండగా ఆఫీసులో నా పక్క సీటాయన ఒక మాట అన్నాడు. ఆయన్ని మేం సర్వజ్ఞం అంటాం. తన సీటులో పని తప్ప ఆయనకి తెలియనిది లేదు. "టైర్లలో గాలేమిటోయ్, నైట్రోజన్ కొట్టించు. విమానాల్లో వాడేది అదే. తొందరగా దిగదు. గుర్తుగా పచ్చ మూతలు పెడతారు" అన్నాడు.

విమానం, పచ్చ మూత. ఈ రెండు మాటలూ నా బుర్రలో దీపం వెలిగించాయి. జనానికి తెలియని వస్తువు మన దగ్గర ఉందంటే, దాని గురించి మనం ఏం చెప్పినా చెల్లుతుంది.

ఆ సాయంత్రమే టైర్ల షాపుకి వెళ్ళాను. మేస్త్రీ రెండు టైర్లలో ఉన్న గాలి తీసేసి, మూలనున్న మిషనుతో నైట్రోజన్ కొట్టి, పచ్చ మూతలు బిగించాడు.

"జాగ్రత్తలు ఏమైనా తీసుకోవాలా?" అని అడిగాను.

"ఏం లేవండీ. అప్పుడప్పుడూ చూపించుకోండి, చాలు."

నాకు నిరాశ కలిగింది. జాగ్రత్తలు లేని వస్తువుతో నేనేం చేసుకోను? సరే, ఇంటికి వచ్చే దారిలో నేనే తయారుచేసుకున్నాను.

మా ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో పని ముగించుకుని వచ్చి, వరండాలో కూర్చుని బీన్స్ తరుగుతోంది. "ఏమిటండీ ఆ పచ్చ మూతలు?"

"నైట్రోజన్. విమానాల్లో వాడతారు."

"మనం ఇప్పుడు ఎగరాలా?"

"ఎగరక్కర్లేదు. కానీ ఇక మీదట ఈ బండి అందరి చేతికీ ఇవ్వడానికి వీల్లేదు. నైట్రోజన్ ఒక మనిషికే అలవాటు పడుతుంది."

ఆవిడ కత్తి ఆగింది. "గ్యాసుకి మనిషి తెలుస్తాడా?"

"మనిషంటే మనిషి కాదు, మనిషి బరువు. దానికి తగ్గట్టు లోపల సర్దుకుంటుంది. డెబ్బై కిలోలు దాటిన మనిషి కూర్చుంటే మాత్రం చెదిరిపోతుంది."

డెబ్బై అని ఎందుకన్నానంటే, రిజర్వు ఎటునుంచి చూసినా ఎనభైకి తగ్గడు.

"చెదిరిపోతే?"

"మళ్ళీ పోగవదు."

"పాపం," అంది మా ఆవిడ. "ఇంకా?"

ఆ 'ఇంకా' దగ్గర నేను ఆగిపోవాల్సింది. కానీ పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను 'ఇంకా' అని అడగడం అదే మొదటిసారి. ఆగలేకపోయాను. నైట్రోజన్‌కి ఎండ పడదన్నాను. దాంతో సెలవునాడు మధ్యాహ్నాలు ఆవిడతో బజారుకి వెళ్ళే పని తప్పుతుంది. రోజూ సాయంత్రం అరగంట తిప్పకపోతే అడుక్కి దిగి గడ్డకడుతుందన్నాను. దాంతో బీన్స్ తరిగే వేళకి నేను టీ కొట్టు దగ్గర ఉండొచ్చు.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, అన్నీ ఒక కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకి అంటించింది. "మర్చిపోతానేమోనని," అంది. నా మాటలు ఆవిడ రాసిపెట్టుకుంది. నా కళ్ళు చెమర్చాయి.

ఆదివారం రిజర్వు వచ్చాడు. నేనేం మాట్లాడకుండా అతన్ని ఫ్రిజ్ ముందు నిలబెట్టాను. మొత్తం చదివాడు. ఒకసారి వాళ్ళక్క వైపు చూశాడు. "అయితే వద్దులెండి బావగారూ, ఎందుకొచ్చిన గొడవ," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను రెండు పూటలా తృప్తిగా తిన్నాను. అదొక పొరపాటు. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే మా ఆవిడ పక్కింటివాళ్ళ బరువు తూచే యంత్రం తెచ్చి హాల్లో పెట్టింది.

"ఎక్కండి."

"నేనెందుకు?"

"బండి మంచి కోసమే."

వాచీ తీసేశాను. పర్సు తీసేశాను. జేబురుమాలు కూడా తీసి సోఫా మీద పడేసి, ఊపిరి బిగబట్టి ఎక్కాను. ముల్లు నా మొహమైనా చూడకుండా ఎనభై ఒకటికి వెళ్ళి నిలబడింది.

"పదకొండు కిలోలు ఎక్కువ," అంది ఆవిడ. "అంటే ఇన్నాళ్ళూ చెదరగొడుతున్నది మీరేనన్నమాట."

"నాకది అలవాటు పడిపోయిందిలే."

"అలవాటు పడాలంటే అది లోపల ఉండాలి కదండీ. డెబ్బై దాటితే ఉండదని మీరే అన్నారు. పైగా మీ ఆఫీసు దగ్గర బండి పెట్టే చోట నీడుందా?"

లేదు. ఉందని చెప్పబోయాను గానీ, ఎండకి సీటు కాలిపోతోందని రోజూ ఆవిడ దగ్గర మొత్తుకునేది నేనే.

"అయితే బండి ఇంట్లోనే ఉండనీ," అన్నాను బింకంగా.

"ఇంట్లో ఉంటే గడ్డకడుతుంది. రోజూ అరగంట తిప్పాలి. డెబ్బై లోపు మనిషి తిప్పాలి." ఆవిడ యంత్రం ఎక్కింది. యాభై ఆరు.

"నీకు నడపడం రాదుగా."

"తమ్ముడు నేర్పుతాడు. వాడు బండెక్కడు లెండి, పక్కన పరిగెడతాడు."

నిజం చెప్పేయడానికి అదే సరైన సమయం. చెబితే రిజర్వు సంగతి కూడా చెప్పాలి. అటు నిజం, ఇటు బస్సు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సువైపు నడిచాను.

ఆ బస్సు గురించి ఏం చెప్పమంటారు. ఎక్కేటప్పుడు వేసుకున్న ఇస్త్రీ దిగేటప్పుడు ఉండదు. నా చెయ్యి పైన రాడ్డుకి వేలాడుతుంటే, నా టిఫిన్ డబ్బా ఎవరి ఒళ్ళో ప్రయాణం చేస్తోందో నాకే తెలియదు. ఒకరోజు సర్వజ్ఞం కిటికీ పక్క సీట్లోంచి నన్ను చూసి, "బండేదోయ్?" అన్నాడు.

"ఇంట్లో ఉంది. విశ్రాంతి తీసుకుంటోంది."

"బాగుందా నైట్రోజన్?"

"బండికి బాగానే ఉంది," అన్నాను.

సాయంత్రాలు వరండాలో కూర్చుని, బీన్స్ తరుగుతూ, వీధిలోకి చూసేవాణ్ణి. ఆవిడ బండి మీద, రిజర్వు పక్కన పరుగు. మొదటిరోజు పదకొండుసార్లు ఇంజన్ ఆగిపోయింది. ప్రతిసారీ నాకు హాయిగా ఉండేది. నాలుగో రోజుకి వీధి చివరిదాకా వెళ్ళింది. రెండు వారాలకి రిజర్వు వెనకబడిపోయాడు, మూడో వారానికి అసలు పరిగెత్తడం మానేసి మా అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆ పరుగుకి అతను ఐదు కిలోలు తగ్గాడు. నేను కూడా తగ్గుదామని వారం రోజులు అన్నం మానేశాను. బస్సు స్టాపు పక్కనే బేకరీ ఉంది. వారం తర్వాత తూచుకుంటే ఎనభై రెండు.

ఇంక శాస్త్రాన్నే కాస్త సవరిద్దామనుకున్నాను. "ఈ మధ్య కొత్త రకం నైట్రోజన్ వచ్చిందట. తొంభై కిలోల దాకా తట్టుకుంటుందట."

"అలాగా. పదండి, మేస్త్రీని అడుగుదాం."

"ఆయన ఊళ్ళో లేడు."

"పొద్దున్నే షాపు దగ్గర చూశానే."

"ఉన్నాడు గానీ, అడిగేటంత ఉండడు," అన్నాను. నాకే అర్థం కాలేదు. ఆవిడ మాత్రం తలూపి లోపలికి వెళ్ళింది.

రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం సెలవునాడు పొద్దున్నే, అద్దం ముందు గడ్డం గీసుకుంటుండగా నాకు తట్టింది. నైట్రోజన్ ఉంటేనే కదా ఈ నిబంధనలు? తీసేసి మామూలు గాలి కొట్టించేస్తే, గ్యాసూ లేదు, గొడవా లేదు. ఆవిడ స్నానాల గదిలో ఉంది. నేను సగం గడ్డంతోనే, నా సొంత బండిని దొంగలా వీధి మలుపు దాకా తోసుకెళ్ళి, అక్కడ స్టార్ట్ చేసి టైర్ల షాపులో దిగాను.

"మేస్త్రీ, ఈ నైట్రోజన్ తీసేసి మామూలు గాలి కొట్టెయ్."

ఆయన టైర్ల వైపు చూశాడు, నా గడ్డం వైపు చూశాడు. "ఇందులో నైట్రోజన్ ఎక్కడుందండీ?"

నేను అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నాను.

"నెల కిందట ముందు చక్రం పంచరైంది కదా. మేడమ్‌గారే తోసుకొచ్చారు. ఆ రోజు మా మిషను పని చెయ్యట్లేదు. మామూలు గాలే కొట్టాను. వెనక చక్రానికీ మార్చేయమన్నారు. మూతలు మాత్రం పచ్చవే ఉంచమన్నారు."

"ఎందుకని అడగలేదా?"

"అడిగానండీ. మా ఆయనకి ఇష్టం అన్నారు."

ఆయనే మళ్ళీ, "అసలు మనం పీల్చే గాలిలోనే నూటికి డెబ్బై ఎనిమిది పాళ్ళు నైట్రోజనేనట కదండీ. ఇన్నేళ్ళుగా గాలి కొడుతున్నా నాకు తెలీదు. మేడమ్‌గారే చెప్పారు. ఆ డెబ్బై కిలోల సంగతి కూడా..." అని, వెంటనే అటు తిరిగి పానా వెతకడం మొదలుపెట్టాడు. పానా ఆయన చేతిలోనే ఉంది. భుజాలు ఊగుతున్నాయి.

అంటే నెల రోజులుగా నేను మామూలు గాలికి మర్యాద ఇచ్చి బస్సులో వేలాడుతున్నాను.

కోపంగా ఇంటికి బయల్దేరాను. దారిపొడుగునా నాలుగు గట్టి మాటలు వరసగా పేర్చుకున్నాను. గేటు దగ్గర మా ఆవిడ చేతిలో ఒక కవరు పట్టుకుని నిలబడి ఉంది. నా సగం గడ్డం చూసి, "ఏమిటండీ, బండి కోసం గడ్డం కూడా సగంలో వదిలేశారా?" అంది. పేర్చుకున్న మాటల్లో మొదటిది మర్చిపోయాను.

"నీకు మొదటినుంచీ తెలుసు కదూ?"

"ఏది?"

"డెబ్బై కిలోలు."

"ఏమండీ, నేను డిగ్రీలో ఏం చదివాను?"

ఆవిడ సర్టిఫికెట్లున్న ఫైలు బీరువా పైన పెట్టింది నేనే. దుమ్ము దులిపింది కూడా నేనే. తెరిచి చూడలేదు. "కామర్స్," అన్నాను గాలివాటంగా.

"కెమిస్ట్రీ."

ఇంక నా దగ్గర మిగిలిన మాటలు కూడా దిగిపోయాయి.

"అయితే ఆ రోజే చెప్పొచ్చుగా," అన్నాను, గొంతు తగ్గించి.

"నాలుగేళ్ళుగా బండి నేర్పమని అడుగుతున్నాను. ప్రతిసారీ చూద్దాం అన్నారు. ఆ రోజు మీ అంతట మీరే దారి చూపిస్తుంటే మధ్యలో ఎందుకు ఆపడం అనుకున్నాను."

కవరు నా చేతికిచ్చింది. ఊరి చివర రంగుల కంపెనీ. అక్కడి ల్యాబులో ఉద్యోగం. సోమవారం నుంచి, పొద్దున్న ఏడింటికల్లా ఉండాలి. ఆ వేళకి అటు బస్సు లేదు. రెండేళ్ళ కిందట ఇదే ఉద్యోగం వస్తే, వెళ్ళే దారి లేక వదులుకుంది. అప్పుడు నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. "పోనీలే, ఇప్పుడు చేస్తున్న కళ్ళజోళ్ళ షాపు దగ్గరేగా" అన్నాను. అని, బయటికి వెళ్ళి బండి తుడుచుకున్నాను.

"లైసెన్సు కూడా నిన్నే వచ్చింది," అంది. "అది వచ్చాకే మీకు చెబుదామని ఆగాను."

"ఇంతకీ మీ తమ్ముడికి..."

"వాడు కాగితం చదివిన రోజే చెప్పాను. నవ్వొద్దని సైగ చేస్తే, పాపం, మెట్లు దిగేదాకా ఆపుకున్నాడు."

నేను తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. ఏదో ఒకటి అనాలి. "నేనే నేర్పి ఉండాల్సింది," అన్నాను. ఆవిడ "లోపలికి వెళ్ళి ఆ రెండో వైపు గడ్డం గీసుకోండి, కాఫీ పెడతాను" అంది.

సోమవారం ఆరున్నరకి ఆవిడ బండి తీసింది. నన్ను బస్సు స్టాపు దగ్గర దింపి వెళ్తానంది. ఐదేళ్ళలో నేను వెనక సీటు మీద కూర్చోవడం అదే మొదలు. అది ఎంత గట్టిగా ఉంటుందో ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు. బహుశా చెప్పే ఉంటారు.

వీధి మలుపు తిరిగాక, "భయంగా ఉందా?" అని అడిగింది.

"నాకెందుకు భయం?"

"మరి నా భుజం అంత గట్టిగా పట్టుకున్నారేం?"

చెయ్యి తీసేశాను. తర్వాతి మలుపులో మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి ఆవిడేమీ అడగలేదు.