సుంకన్న కింద నేల

భద్రతా శిక్షణ శ్రద్ధగా విన్నవాళ్ళు నెమ్మదిగా పడతారు కాబట్టి, ఎండాకాలంలో సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం మీదనుంచి జారిన సుంకన్న చలికాలం వచ్చినా ఇంకా నేలకు చేరలేదు. అతని బామ్మర్ది మద్దిలేటి ఈ సంగతి విన్నప్పుడు పెద్దగా ఆశ్చర్యపోలేదు. మనసుపెట్టి విన్న చదువు ఏదో ఒకనాటికి అక్కరకు వస్తుందని బళ్ళో అయ్యవారు చెప్పగా అతనూ విన్నాడు.

శిక్షణ ఏడాదికొకసారి, ఏసీ ఉన్న హాల్లో జరిగేది. రాత్రంతా బట్టీ దగ్గర కాగి వచ్చిన మనుషులు ఆ చల్లగాలి తగలగానే, తెర మీద మొదటి బొమ్మ పడేలోపే, కూర్చున్నచోటే నిద్రపోయేవాళ్ళు. చివర్లో లేపి సంతకాలు పెట్టించుకొని తలా ఒక బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టేవాళ్ళు. అలాంటివాళ్ళు జారితే పాత వేగంతోనే వచ్చి పడేవాళ్ళు. మేస్త్రీ తల తిప్పే లోపల అంతా అయిపోయేది. సుంకన్న ఒక్కడే నిద్రపోలేదు. తన ప్రాణం గురించి ఎవరైనా అంతసేపు మాట్లాడటం అతను బుద్ధెరిగాక వినలేదు. ముందు బెంచీలో నిటారుగా కూర్చొని మొత్తం విన్నాడు. చివరికి లేచి నిలబడి, "సారూ, బెల్టు కొక్కెం తగిలించుకోనీకి పైన ఏమీ ల్యాకపోతే దేనికి తగిలించుకోవల్ల?" అని అడిగాడు. సేఫ్టీ ఆఫీసరు వరప్రసాదరావు అది చాలా మంచి ప్రశ్న అన్నాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆ మరుసటి వారం సుంకన్న రంగుడబ్బాతో పొగగొట్టం ఎక్కాడు. పైన కొక్కెం తగిలించడానికి ఏమీ లేదు.

పడటమైతే నెమ్మదించింది గాని, అంతటితో అయిపోలేదు. సుంకన్న కాలి బూటు ఒకటి ముందే ఊడి, అతనికన్నా కాస్త ముందుగా దిగుతూ వచ్చింది. ఆ బూట్లు కూడా క్లాసులో కూర్చున్నవే. అది నేలను తాకిన పొద్దు గచ్చు పగిలి పెళ్ళ లేచింది, బూటు పేలికలు పేలికలైంది. శిక్షణ వేగాన్ని తగ్గిస్తుందే గాని దెబ్బను తగ్గించదని దాన్నిబట్టి అందరికీ తెలిసింది. నడుముకు తాడు కట్టి క్రేనుతో లాగి చూశారు. క్రేను వెనక చక్రాలు లేచాయి. వల పట్టే ఆలోచన కూడా చేశారు. కిందనుంచి ఏది తగిలినా తగలడమేనని, వలకు తగిలే దెబ్బ కూడా దెబ్బేనని తేలి, దాన్ని మానుకున్నారు.

కంపెనీ నిబంధనల ప్రకారం కార్మికుడు కిందికి వచ్చి తగిలినప్పుడే అది ప్రమాదం. అంతవరకు అతను ఎత్తులో పనిచేస్తున్న ఉద్యోగి. పొద్దున్నే మేస్త్రీ తల పైకెత్తి పేరు పిలిచేవాడు. సుంకన్న గాలిలోనుంచి చెయ్యెత్తేవాడు. హాజరు పడేది. గడ కొనకు బుట్ట కట్టి సంగటి, నీళ్ళు అందించేవాళ్ళు. కొత్తగా చేరిన కూలీలను జట్లుగా తీసుకొచ్చి అతన్ని చూపించి, శిక్షణ వల్ల లాభం ఇదీ అని చెప్పేవాళ్ళు. సుంకన్న వాళ్ళకు నమస్కారం పెట్టేవాడు.

అతని పాదాలు ప్రహరీగోడ ఎత్తుకు దిగినప్పుడు ఆఫీసులో మీటింగు జరిగింది. మనిషిని పైకి లాగడం కుదరదు గనక నేలను కిందికి దించాలని తీర్మానించారు. మద్దిలేటికి కబురు వచ్చింది.

"నువ్వు బావులు తవ్వేవాడివట గదా," అన్నాడు వరప్రసాదరావు.

"తవ్వేటోణ్ణి సారూ. బోర్లు వచ్చినాక ఎవురూ పిలవల్యా."

"ఇప్పుడు మేం పిలుస్తున్నాం. మీ బావ ఎంత దిగితే నువ్వంత తవ్వాలి."

"ఎంత లోతుకు సారూ?"

"లోతు గురించి ఇంకా నిర్ణయం తీసుకోలేదు. ఆయన పడుతున్నంతవరకు అనుకో."

పనిచేస్తున్న మనిషి కింద యంత్రాలు నడపరాదని, మందు పేల్చరాదని నిబంధన ఉంది. అందువల్ల చేతులతోనే తవ్వాలి. పనిచేస్తున్న మనిషి కింద ఇంకొక మనిషి నిలబడరాదని కూడా నిబంధన ఉంది. దానికి మద్దిలేటికి ఒక హెల్మెట్ ఇచ్చారు. పని మొదలుపెట్టే ముందు అతనికీ ఒక పూట శిక్షణ జరిగింది. నా భద్రతకు నేనే బాధ్యుణ్ణి, నా తోటివాడి భద్రతకూ నేనే బాధ్యుణ్ణి అని చెయ్యి చాపించి ప్రమాణం చేయించారు. తోటివాడంటే పైనున్నవాడు కూడానా అని మద్దిలేటికి సందేహం వచ్చింది. అడగలేదు. అడిగినవాడు పైన కనపడుతూనే ఉన్నాడు.

పై పొర నల్లరేగడి, దాని కింద సుద్దమన్ను. గడ్డపార సులభంగానే దిగింది. సుంకన్న పాదాలు గుంత అంచు దాటి లోపలికి వచ్చిన రోజుల్లో, అతని మొగం నేల మీద నిలబడ్డవాళ్ళ మొగాలకు సరిగ్గా వచ్చింది. పక్కనుంచి తాకితే తప్పులేదని కంపెనీ ఒప్పుకుంది. అప్పుడు అతని పెండ్లాం ఓబులమ్మ, అంటే మద్దిలేటికి అక్క, సందర్శకుల శిక్షణ తీసుకొని నూనె సీసాతో లోపలికి వచ్చింది.

"శానా చిక్కిపోయినావు," అంది.

"పైన గాలి ఎక్కువలే. బర్రె ఈనిందా?"

"ఈనింది. పెయ్యదూడ."

"మంచిదే."

ఆమె అతని తలకు నూనె అంటి, చిక్కు తీసి, మెడ మీద పేరుకున్న సిమెంటు దుమ్ము కొంగుతో తుడిచింది. పెండ్లయినాక వాళ్ళిద్దరూ ఒకరి మొగం ఒకరు అంతసేపు చూసుకోవడం అదే మొదలు. అంతకుముందు షిఫ్టులు ఉండేవి. కొన్నాళ్ళకు ఆమె వంగి మాట్లాడాల్సి వచ్చింది. తర్వాత గుంత ఒడ్డున కూర్చొని. ఆ తర్వాత బోర్లా పడుకొని తల లోపలికి వంచి. చివరికి కేక వెయ్యాల్సి వచ్చింది.

మట్టి పైకి లాగడానికి గిలక దగ్గర ఒక మనిషి కావలసి వచ్చినప్పుడు మేస్త్రీ ఓబులమ్మనే పెట్టుకున్నాడు. ఎట్లాగూ ఇక్కడే ఉంటోంది, కూలి వచ్చినట్టు ఉంటుందన్నాడు. మద్దిలేటి తట్ట నింపి తాడుకు కడితే, తన పక్కగా పోయేటప్పుడు సుంకన్న దాన్ని చేత్తో సర్ది పైకి పంపేవాడు. పైన ఓబులమ్మ అందుకునేది. సంసారం ఆ విధంగా సాగింది.

"ఏం బామ్మర్దీ," అనేవాడు సుంకన్న పైనుంచి. "పిల్లనిచ్చినోళ్ళు కాళ్ళు కడగతారు గాని, కాళ్ళ కింద గుంత తవ్వేది యాడన్నా ఉందా?"

"కడిగినాడు గదా మా నాయన. ఇప్పుడు కిందనుంచి సూస్తాంటే కడిగినట్టే ల్యావు."

"కడగాల్నంటే ఒక బూటు మీ అక్క దగ్గర ఇడ్సల్ల. రెండోది పోయింది గదా."

"ఉన్నదాన్ని ఊడదీయాకు బావా. నా నెత్తిన పడితే మళ్ళా నాకొక గుంత తవ్వల్ల."

సుంకన్న నవ్వితే ఆ నవ్వు గుంత గోడలకు తగిలి చుట్టూ తిరిగేది.

ఊళ్ళో టీ అంగడి దగ్గర మాత్రం మాటలు వేరుగా ఉండేవి. బావ పడబట్టి బామ్మర్దికి బువ్వ దొరికిందని ఒకడు అనేవాడు. దొరికింది దొరికినట్టు తినక నీకెందుకురా ఏడుపు అని ఇంకొకడు అనేవాడు. మద్దిలేటి టీ తాగి గ్లాసు బోర్లించి లేచేవాడు. వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం లేదు. పొద్దుగూకేలోపు రాత్రికి సరిపడా లోతు తీసిపెట్టి ఇంటికి పోయేవాడు. తీసింది చాలుతుందో లేదో అని మధ్య మధ్య మెలకువ వచ్చేది. జ్వరం వచ్చిన నాడు కూడా మానలేదు. వెనకటి దినాల్లో బావి తవ్వేటప్పుడు జల తగలాలని టెంకాయ కొట్టి దిగేవాడు. ఇక్కడ ఏదీ తగలకూడదని మొక్కుకున్నాడు. నీళ్ళు పడితే ఎట్లా సారూ అని ఒకసారి అడిగితే, నీళ్ళు తగిలినా తగలడమేనని వరప్రసాదరావు బాధగా చెప్పాడు.

నీళ్ళు పడలేదు. నల్లబండ పడింది.

నాపరాయి పొరలు పొరలుగా లేచినంతకాలం ఇబ్బంది లేకపోయింది. దాని కింది బండ మీద సమ్మెట వేస్తే నిప్పురవ్వ లేచేది గాని పెళ్ళ లేచేది కాదు. సుంకన్న మాత్రం ముందరి లాగానే దిగుతున్నాడు. అతనికి బండ సంగతి వర్తించదు. మద్దిలేటి మొదట నిలబడి కొట్టాడు. తర్వాత నడుం వంచి కొట్టాడు. తర్వాత గొంతుక్కూర్చొని కొట్టాడు. బావ పాదాలు హెల్మెట్‌కు జానెడు ఎత్తుకు వచ్చాయి. అది చూసి సుంకన్న మోకాళ్ళు పైకి ముడుచుకున్నాడు. గాలిలో పీట వేసుకొని కూర్చున్నవాడిలాగా, ఆ కాస్త ఎడం బామ్మర్దికి ఇచ్చాడు.

వరప్రసాదరావు వచ్చి గుంత ఒడ్డున కూర్చొని లోపలికి చూశాడు. అతను చెడ్డవాడు కాదు. అన్నం మానేసి వచ్చినట్టున్నాడు. బండ సంగతి పైవాళ్ళకు రాశానని చెప్పాడు. జవాబు వచ్చేలోపు ఒక బోర్డు తెప్పించి తాడుతో లోపలికి దించాడు. 'తొందరపడవద్దు, ఇంట్లో నీకోసం ఎదురుచూస్తున్నారు' అని దాని మీద రాసి ఉంది. తాడు వదిలింది ఓబులమ్మే.

"ఇంక ఇడ్సిపెట్టు మద్దిలేటీ," అన్నాడు సుంకన్న ఆ పూట. గొంతులో వేళాకోళం లేదు. "మోకాళ్ళు ఎన్నాళ్ళని ముడ్సుకునేది? నన్ను దిగనీ. దిగితే మీ అక్కకు కంపెనీ ఏమన్నా ఇస్తాది. నీ నడుమన్నా నీకు మిగుల్తాది."

మద్దిలేటి ఉలి పక్కన పెట్టి తల పైకెత్తాడు. బావ మొగం కనపడలేదు. ఒక అరిపాదం, ఒక బూటు అడుగు కనపడ్డాయి, వాటికి పైన గుండ్రంగా చిన్న ఆకాశం, దాని అంచున ఆఫీసరు తల.

"సారూ," అన్నాడు. "నేను తవ్వేది నిలిపితే ఏమైతాది?"

"తగులుతుంది."

"తగిల్తే?"

"తగిలితే అది ప్రమాదమే," అన్నాడు వరప్రసాదరావు. అతను మెల్లగా, ఒక్కొక్క మాటే కిందికి దించినట్టుగా మాట్లాడాడు. "అయితే అది పొగగొట్టం దగ్గర జరిగింది కాదు. అక్కడ ఇంతవరకు ఏమీ జరగలేదు. గుంతలో జరిగినది. నేల తియ్యాల్సినవాడు తియ్యకపోవడం వల్ల జరిగినది. నువ్వు ప్రమాణం కూడా చేశావు."

"అంటే మా బావను నేను సంపినట్టా?"

"అంత మాట నేనెందుకంటాను? కారణం అన్నచోట నీ పేరు వస్తుంది, అంతే."

"మా అక్కకు?"

"సొంత మనిషి చేసినదానికి కంపెనీ ఇవ్వడానికి వీలుండదు మద్దిలేటీ. అది మీ ఇంటి విషయం అవుతుంది."

 మద్దిలేటి చేతులు చూసుకున్నాడు. వేళ్ళు సగం ముడుచుకొనే ఉన్నాయి, చాపితే సాగడం లేదు. ఈ చేతులు ఇప్పుడు ఆగినా మనిషి పోతాడు, ఆగకపోయినా కొన్నాళ్ళకు వాటంతట అవే ఆగుతాయి. పొగగొట్టం ఎవరు కట్టారో, పైన కొక్కేనికి చోటు ఎవరు వదల్లేదో, ఆ పేర్లన్నీ ఎక్కడో పైన ఉన్నాయి. కిందికి దిగేకొద్దీ ఒక్క పేరే మిగిలింది.

గిలక కిర్రుమంది. తాడు పట్టుకొని, చీర గోచిపోసి, నెత్తిన హెల్మెట్‌తో ఓబులమ్మ దిగింది. మొగుడి పక్కగా వచ్చినప్పుడు ఒక చేత్తో అతని భుజం పట్టుకొని ఒక ఘడియ ఆగి, మళ్ళీ దిగింది. తమ్ముడి పక్కన ఇరుక్కొని కూర్చుంది.

"నువ్వెందుకొస్తివి?" అన్నాడు సుంకన్న.

"పైనుంచి నీ నడినెత్తి సూసి సూసి యాసిరికొచ్చింది."

"వానికి సెప్పు, నిలపమని. నా మాట ఇనడంల్యా."

ఓబులమ్మ కిందికి వంగింది. బండ మీద అరచెయ్యి పెట్టి తడిమింది.

"నువ్వు పడతాండావు," అంది. "వాడు తవ్వుతాండాడు. నేను మోస్తాండా. నన్ను ఈ ఇంటికి తెచ్చినప్పట్నుంచి ఇదే గదా. కొత్తగా ఇప్పుడు నిలిపేదేముంది?"



"ఆ సమ్మెట ఇట్లియ్," అంది ఆమె తమ్ముడితో. "నువ్వు ఉలి పట్టు. నీ చేతులు సూస్తే పట్టేదానికే పనికొచ్చేట్టుండాయి."

మొదటి దెబ్బకు రవ్వలు లేచాయి. రెండో దెబ్బకూ అంతే. కొంతసేపయ్యాక పైనుంచి సుంకన్న గొంతు వినపడింది.

"ఎడంపక్క కొట్టు. ఆడ సన్న పగులుండాది. మీకు కనపడదు, నాకు కనపడతాంది."

ఎడమపక్క కొట్టారు. గోరంత పెళ్ళ లేచింది. సుంకన్న మోకాళ్ళను ఇంకాస్త పైకి, రొమ్ముకు ఆనేదాకా ముడుచుకున్నాడు.

మధ్యాహ్నం కొత్త జట్టును తీసుకొచ్చి గుంత చుట్టూ నిలబెట్టారు. ఎత్తులో పని మొదలై ఇంతకాలమైనా ఒక్క ప్రమాదం కూడా జరగలేదని, అందుకు కారణం శిక్షణేనని వరప్రసాదరావు చెప్పాడు.  చప్పట్లు కొట్టమంటే కొట్టారు. ఆ జట్టులో ఎవరి కళ్ళల్లోనూ నిద్ర లేదు. అందరూ ముందుకు వంగి లోపలికి చూశారు. సుంకన్నను ఒకసారి చూసి, అతని కింద సమ్మెట ఎత్తుతున్న ఆడమనిషినీ, ఉలి పట్టుకున్న మగమనిషినీ చాలాసేపు చూశారు. తర్వాత మేస్త్రీ పిలిస్తే వరసగా పొగగొట్టం వైపు నడిచారు. నడుస్తూ నడుస్తూ ఒక్కొక్కడూ, తన ఇంట్లో గడ్డపార పట్టగలవాళ్ళు ఎవరెవరున్నారో మనసులో తలుచుకున్నాడు.