బాంబుల్లేని చరిత్ర

ఆ సోమవారం ఉదయం నరసింహయ్య తలపెట్టిన పని ఒక్కటే: ఆరేళ్లు కూర్చి రాసిన ఊరి చరిత్రను సంచిలో పెట్టుకొని, ఎనిమిది గంటల బస్సుకు ప్రొద్దుటూరు అచ్చాఫీసుకు పోవడం. వచ్చే ఆదివారం గ్రంథాలయం తెరుస్తారు. ఆనాడు ఊరి ముందర తన పుస్తకం చదవాలి. బట్టల అంగడిలో గజాలు కొలిచి బతికిన మనిషికి అంతకు మించిన కోరిక లేదు.

పెద్దనల్లగుట్ల జమ్మలమడుగు దాపున వెయ్యి గడప ఊరు. మీదివీధి తిప్పన్నది, కిందివీధి చిన్నసుబ్బయ్యది. టీ అంగళ్లు రెండు, మంగలిషాపులు రెండు, జెండాలు రెండు. ఇరువురూ కలిసి వాడుకొనేది పగ ఒక్కటే. నరసింహయ్య భయస్థుడు గనుక బావులూ, బడీ, పీర్లచావిడీ రాసి, పగను వదిలేశాడు.

బస్సు దగ్గర తిప్పన్న అడ్డం నిలిచాడు.

"ఏం సెట్టీ, చరిత్రంట! మా నాయన పేరు యాడ?"

"బావి తవ్విచ్చినాడని రాసినా గదన్నా."

"బావి ఎవుడైనా తవ్విస్తాడు. ఆయప్ప ఏసిన పదకొండు బాంబులు యాడబోయినాయి? మా వంశానికి మర్యాద వద్దా?"

బస్సు పోయింది. నరసింహయ్య అరుగుమీద కూర్చొని పదకొండూ రాశాడు. ఆ మాట విని చిన్నసుబ్బయ్య పరుగున వచ్చాడు.

"వాళ్లకు పదకొండా? మాకు పద్నాలుగు రాయి."

"నిజమేనా అన్నా?"

"చరిత్రలో నిజమేందప్పా? నేను చెప్తాండా గదా! మా కొడుకులు ఏసినవి గూడా పేర్లతో రాయి."

తిప్పన్న వెంటనే పందొమ్మిది చేశాడు. పొద్దు వాలేలోగా వేయని బాంబులకు కూడా వేసినవాళ్లు దొరికారు. తుపాకీ ఏ గడ్డివామిలో దాచారో చెప్పుకొని కొందరు మీసం దువ్వారు.

"ఇది చరిత్రనా, చార్జిషీటా?" అంది భార్య రాజేశ్వరమ్మ.

"ఊరు చెప్పింది రాస్తాండాలే."

మరునాడు పుస్తకం అచ్చుకు పోయింది. ఆదివారం గ్రంథాలయం దగ్గర రెండు పార్టీలూ ఒకచోట చేరుతున్నాయని సర్కిల్ ఇన్‌స్పెక్టరు వ్యానుతో సహా వచ్చి, తొలి ప్రతి అందుకొని, పెన్సిలు తీశాడు.

"శానా బాగా రాసినావు సెట్టీ. పదిహేడో పేజీలో పేర్లన్నీ కరెక్టేనా?"

తిప్పన్న అడ్డం వచ్చాడు. "అంతా అబద్ధం సార్! మా నాయన బావులు తప్ప ఏమీ ఎరగడు."

"నిజం సార్, వాళ్ల నాయన దేవుడట్లాంటోడు!" అన్నాడు చిన్నసుబ్బయ్య.

ముప్పై ఏళ్లలో ఇద్దరూ ఒక్క మాట మీద నిలవడం అదే మొదలు. ఇద్దరి మనుషులూ భుజం భుజం కలిపి మిగిలిన ప్రతులన్నీ అక్కడే కాల్చారు.

నరసింహయ్య కోరిక మాత్రం తీరింది. ఇన్‌స్పెక్టరు తన చేతిలోని ఆ ఒక్క ప్రతినీ ఇచ్చి చదవమంటే, ఆయన ఊరి ముందర, ఒక్క పేరు వదలకుండా గట్టిగా చదివాడు.

పేరు వినబడినవాళ్లు ఒక్కొక్కరే వ్యాను ఎక్కారు.